కౌంటర్ కాడ స్టూలు, చూరు కింద గిలాస

మన తిండి, మన చరిత్ర: 11వ భాగం

మిత్రులారా, పోయిన ఏడాది ఒక సదస్సు కోసం అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రానికి వెళ్ళాను. సదస్సు ముచ్చట ఇక్కడ అక్కర లేదు. అక్కడ ఒక పూట తిన్న తిండి గురించి చెప్పాలి. తిండి కంటే ఎక్కువగా, అది తినడానికి కూర్చున్న చోటు గురించి చెప్పాలి.

నల్లగొండ ఎన్.జి. కాలేజీలో నాకు రెండేళ్ళు సీనియర్ అయిన అన్న ఒకాయన అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. మా పక్క ఊరి మాదిగవాడలో పుట్టి పెరిగినోడే. ఆదివారం పొద్దున వచ్చి, "తమ్మీ, నిన్నొక పాతకాలం హోటల్‌కు తీస్కపోత, సినిమాలల్ల సూసినట్టే ఉంటది" అన్నాడు. పాతకాలం అన్నాడే గాని, ఆ హోటల్ పాతది కాదు. ఈ మధ్య కట్టిందే. పాతదిలా కనబడాలని కట్టింది. దాన్ని వాళ్ళు రెట్రో డైనర్ అంటారు.

లోపల నేలంతా చదరంగం బల్లలాగా నలుపు తెలుపు గళ్ళు. గోడలకు తళతళలాడే రేకు. పొడుగాటి కౌంటర్, దాని ముందు వరసగా ఎర్ర రెగ్జిన్ వేసిన గుండ్రటి స్టూళ్ళు. ఒక మూలన రంగురంగుల లైట్లతో పాటల పెట్టె, జ్యూక్‌బాక్స్. గోడల మీద పాత కార్ల బొమ్మలు, పాత కూల్‌డ్రింక్ ప్రకటనలు. తలుపు కాడ బోర్డు మీద 1950ల కాలానికి స్వాగతం అని రాసి ఉంది.

"కౌంటర్ కాడ కూసుందమా, టేబుల్ కాడనా?" అని అడిగాడు అన్న.

కౌంటర్ కాడనే అన్నాను. స్టూలు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఒకసారి గిర్రున తిరిగాను కూడా.

మెనూ కార్డు మొదటి పేజీ నిండా బర్గర్లే. బర్గర్ అంటే అక్కడ మామూలుగా గొడ్డుమాంసమే, మన భాషలో పెద్దకూర. మా ఊర్లో పెద్దకూర వండిన రోజు మా అవ్వ తలుపు దగ్గరికి వేసేది. బళ్ళో ఎవరన్నా ఏం కూర అని అడిగితే ‘పప్పు’ అని చెప్పమని నేర్పి పంపేది. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ పెట్టుకుంటే ఎంత గొడవ అయిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదే కూర ఇక్కడ ఒక దేశం తన గుర్తుగా చెప్పుకునే తిండి. రెండు రొట్టె ముక్కల నడుమ పెట్టి, పక్కన ఆలుగడ్డ వేపుడు పోసి, బంగారంలా తెచ్చి పెట్టారు. కడుపునిండా తిన్నాను. దాచుకోకుండా తినడంలో ఉన్న రుచి వేరు.

తర్వాత మిల్క్‌షేక్ వచ్చింది. వడ్డించే అమ్మాయి పొడుగాటి గాజు గ్లాసు నిండా పోసి నా ముందు పెట్టింది. దాని పక్కనే, మిల్క్‌షేక్ కలిపిన స్టీలు గ్లాసును కూడా పెట్టింది. గాజు గ్లాసులో పట్టకుండా మిగిలింది అందులో ఉంది. పాతకాలం డైనర్లలో అట్లా పెట్టడం ఆనవాయితీ అట.

నా ముందు రెండు గ్లాసులు. ఒకటి గాజుది, ఒకటి లోహపుది.

నేను వాటినే చూస్తున్నాను. అన్న నన్ను చూస్తున్నాడు. "రెండూ నీయే తమ్మీ, తాగు" అన్నాడు. ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు ఎందుకో మనవాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. చెప్పాల్సిన అవసరం ఉన్నవాళ్ళ కోసమే ఈ భాగం.

*

ముందు డైనర్ చరిత్ర కొంచెం తెలుసుకుందాం. దాని పుట్టుక శ్రామికుల ఆకలిలో ఉంది. 1872లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరంలో వాల్టర్ స్కాట్ అనే ఆయన గుర్రపుబండి మీద తిండి అమ్మడం మొదలుపెట్టాడు. రాత్రిపూట హోటళ్ళన్నీ మూసేశాక పత్రికాఫీసులో పనిచేసేవాళ్ళు, రాత్రి డ్యూటీల కూలీలు ఆ బండి కాడ తినేవాళ్ళు. ఆ బండే పెరిగి పెద్దదై, రైలుపెట్టె ఆకారంలో ఫ్యాక్టరీలో తయారై, రోడ్ల పక్కకు చేరింది. రైలులో భోజనాల పెట్టెకు ఉన్న పేరే దానికీ వచ్చింది. తక్కువ ధర, వేడి తిండి, కౌంటర్ కాడ పక్కపక్కన కూర్చోవడం. పాలమూరు లేబర్ పట్నం అడ్డా మీద, ప్రాజెక్టుల కాలువల మీద పనిచేస్తూ తాగిన చాయ్ బండికి ఇది దూరపు చుట్టమే అనుకోవచ్చు.

1950లు వచ్చేసరికి అమెరికా చేతిలో డబ్బు ఆడింది. కార్లు, హైవేలు, కుర్రకారు చేతిలో చిల్లర. ఆ కాలాన్ని మళ్ళీ అలంకరించి అమ్మడం 1970లు, 80ల నుంచి ఒక వ్యాపారం అయింది. ఇప్పుడు దుబాయ్‌లో, లండన్‌లో, మన మెట్రో నగరాల మాల్స్‌లో కూడా ఎర్ర స్టూళ్ళు, గళ్ళ నేల కనబడతాయి. ‘ఆ రోజులే వేరు’ అనే మాటను బర్గర్‌తో కలిపి అమ్ముతారు.

ఆ రోజులు ఎవరివి? నేను కూర్చున్న ఆ రాష్ట్రంలోనే, 1950లలో, ఒక నల్లజాతి మనిషి ఆ స్టూలు మీద కూర్చోగలిగేవాడు కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ హోటళ్ళలో నల్లవాళ్ళకు ఉంటే పెరటి తలుపు, లేకుంటే పొట్లం. ప్రయాణం పోయే నల్లవాళ్ళు ఎక్కడ తినొచ్చో, ఎక్కడ పడుకోవచ్చో చెప్పడానికి విక్టర్ గ్రీన్ అనే న్యూయార్క్ పోస్ట్‌మ్యాన్ 1936 నుంచి ఏటేటా ఒక పుస్తకం వేసేవాడు. గ్రీన్ బుక్ అని దానికి పేరు. 1960ల నడుమ దాకా అది వస్తూనే ఉంది. తిండి దొరికే చోటు తెలుసుకోవడానికి పుస్తకం వెంట పెట్టుకుని తిరగాల్సిన జనం వాళ్ళు.

ఇక ఆ జ్యూక్‌బాక్స్. అందులోంచి వచ్చే పాటల్లో చక్ బెర్రీ ఉన్నాడు, లిటిల్ రిచర్డ్ ఉన్నాడు, ఫ్యాట్స్ డామినో ఉన్నాడు. ముగ్గురూ నల్లవాళ్ళే. 1950ల అమెరికాను చిందులేయించింది వాళ్ళ పాట. దక్షిణాదిలో కచేరీలకు తిరిగిన నల్ల కళాకారులు తెల్లవాళ్ళ కౌంటర్ల కాడ కూర్చుని తినలేకపోయారు. పాట పెట్టెలో ఉండి లోపలికి పోయింది. పాడినవాడు బయట నిలబడ్డాడు.

ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. మన ఊరికి వచ్చాక దీంతో పని ఉంది.

*

మరుసటి రోజు అన్నను బతిమాలి గ్రీన్స్‌బరో పట్నానికి తీసుకుపొమ్మన్నాను. అదీ నార్త్ కరోలినాలోనే ఉంది. సౌత్ ఎల్మ్ వీధిలో వుల్‌వర్త్ అనే పెద్ద దుకాణం ఒకప్పుడు ఉండేది. దుకాణం 1993లో మూతపడింది. 2010 ఫిబ్రవరి 1న ఆ భవనంలోనే పౌరహక్కుల మ్యూజియం తెరిచారు. అక్కడి భోజనాల కౌంటర్ ఉన్నచోటే ఉంది. స్టూళ్ళూ ఉన్నాయి. వాటి మీద మాత్రం ఎవర్నీ కూర్చోనివ్వరు. అవి ఇప్పుడు చరిత్ర.

1960 ఫిబ్రవరి 1న నలుగురు కుర్రాళ్ళు ఆ దుకాణానికి వచ్చారు. ఎజెల్ బ్లెయిర్ జూనియర్, డేవిడ్ రిచ్‌మండ్, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్‌నీల్. నలుగురూ అక్కడి నల్లజాతి కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. మీలో చాలామంది వయసే. ముందు దుకాణంలో టూత్‌పేస్టు లాంటి చిల్లర సామాను కొన్నారు. వాళ్ళ డబ్బును దుకాణం సంతోషంగా తీసుకుంది, రసీదు కూడా ఇచ్చింది. తర్వాత భోజనాల కౌంటర్ కాడికి పోయి స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వమన్నారు. ఆ కౌంటర్ కాడ మా డబ్బు చెల్లింది, ఈ కౌంటర్ కాడ ఎందుకు చెల్లదు అని వాళ్ళ ప్రశ్న. దుకాణం మూసేదాకా లేవలేదు.

ఫ్రాంక్లిన్ మెకెయిన్ తర్వాతి కాలంలో రెండు సంగతులు చెప్పేవాడు. కౌంటర్ వెనక పనిచేసే ఒక నల్ల ఆడమనిషి వచ్చి వాళ్ళనే తిట్టింది, ఇట్లాంటి పనులతో మన జాతికి చెడ్డపేరు తెస్తున్నారని. ఒక ముసలి తెల్లావిడ మాత్రం భుజం తట్టి, ఈ పని పదేళ్ళ కిందే చేయాల్సిందని అంది. మొదటి సంగతి విన్నప్పుడు నాకు మా వాడలోని పెద్దవాళ్ళు యాదికొచ్చారు. ‘మనకెందుకు బిడ్డా’ అనే మాటను మనం పిరికితనం అనుకుంటాం. మర్నాడు అదే చోట పనికి పోవాల్సినవాళ్ళ భయం అది.

రెండో రోజుకు ఇరవైమందికి పైగా వచ్చారు. వారం తిరగకముందే వందలమంది. మార్చి నెలాఖరుకు ఆ కూర్చునే పోరాటం పదమూడు రాష్ట్రాల్లో యాభైకి పైగా పట్టణాలకు పాకింది. జులై 25న వుల్‌వర్త్ దిగొచ్చింది. ఆ రోజు కౌంటర్ కాడ మొదట కూర్చుని తిన్న నల్లవాళ్ళు ఎవరో తెలుసా? ఆ దుకాణంలోనే పనిచేసేవాళ్ళు. తమ చేతులతో తయారయ్యే తిండిని, తాము పనిచేసే చోట, మొదటిసారి కూర్చుని తిన్నారు.

ఇంకో సంగతి. ఆ దుకాణంలో నల్లవాళ్ళు నిలబడి తినడానికి వేరే చోటు ఉండేది. నిలబడితే అభ్యంతరం లేదు, కూర్చుంటేనే తప్పు. అదే రాష్ట్రంలోని షార్లెట్ నగరంలో పత్రిక నడిపిన హ్యారీ గోల్డెన్ అనే యూదు రచయిత దీని మీద వ్యంగ్యంగా రాశాడు. తెల్లవాళ్ళు నల్లవాళ్ళతో కలిసి బ్యాంకులో, దుకాణంలో లైనులో నిలబడతారు, కూర్చుంటేనే వీళ్ళకు ఇబ్బంది, కాబట్టి బడుల్లోంచి బెంచీలు తీసేస్తే గొడవే ఉండదని ఆయన సలహా. చదివి నవ్వుకుంటాం. నవ్వాక మన ఊరి అరుగులు, గద్దెలు గుర్తొస్తాయి. దొర గడీ ముందు, సర్పంచ్ ఇంటి ముందు, పంచాయతీ ఆఫీసు ముందు మనవాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉన్నారు. కూర్చోవడం అనేది మనకు వంట్లో అలసటకు సంబంధించిన మాట కాదు, హోదాకు సంబంధించిన మాట.

ఈ కూర్చునే పోరాటానికి మన నేలతోనూ సంబంధం ఉంది. నాష్‌విల్ నగరంలో విద్యార్థులకు అహింసా పద్ధతిలో శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్, 1953 నుంచి 1956 దాకా మన నాగపూర్‌లో హిస్లాప్ కాలేజీలో పనిచేశాడు. గాంధీ సత్యాగ్రహాన్ని అక్కడ చదువుకున్నాడని చరిత్ర పుస్తకాలన్నీ రాస్తాయి. అదే నాగపూర్‌లో, అదే 1956లో, అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు. అంతకు చాలా ముందే, 1927 మార్చి 20న, మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగి చూపించాడు. అమెరికా పౌరహక్కుల చరిత్రలో గాంధీ పేరు పక్కన మహాడ్ పేరు కూడా రాయాల్సిన బాధ్యత మనదే. ఎందుకంటే ఉప్పు సత్యాగ్రహం కంటే మహాడ్ చెరువే గ్రీన్స్‌బరో కౌంటర్‌కు దగ్గరి చుట్టం. రెండింటిలోనూ అడిగింది ఒకటే: అందరూ తాగే చోట మేమూ తాగుతాం.

మహాడ్‌లో ఇంకొకటి గమనించాలి. ప్రభుత్వ చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా ఒప్పుకుంది. కాగితం మీద చెరువు తెరుచుకుని ఉంది. కాళ్ళు పోతేగాని గట్టు తెరుచుకోలేదు.

*

ఇప్పుడు మన గ్లాసు దగ్గరికి వద్దాం.

మా ఊరు దేవరకొండ వైపు. బస్సు ఆగే చోట ఒక తాటికమ్మల హోటల్ ఉండేది. ఊర్లో హోటల్ అంటే చాయ్, మిర్చిబజ్జీ, పొద్దున పూరీ. లోపల రెండు బల్లలు, అవతల కట్టె పొయ్యి. గాజు గిలాసలు బకెట్ నీళ్ళలో ముంచి కడిగి వరసగా బోర్లించేవాళ్ళు. మాలమాదిగలకు ఆ గిలాసలు కాదు. వాళ్ళకు వేరే సిల్వర్ గిలాసలు, అంటే అల్యూమినియంవి, బయట చూరు కింద చెక్కి ఉండేవి. కొన్ని ఊళ్ళలో కొబ్బరిచిప్పలు. మనమే తీసుకుని, మనమే కడుక్కుని, పట్టుకుని నిలబడితే పైనుంచి చాయ్ పోసేవాళ్ళు. తాగాక మళ్ళీ కడిగి చూరుకు చెక్కాలి. పైసలు కింద పెట్టాలి. వాటి మీద నీళ్ళు చల్లి తీసుకునేవాళ్ళు. మా నాయిన అనేవాడు: "నీళ్ళు సల్లితే పైసల మైల పోతదట గని, మనిషి మైల పోదట."

నాయిన పదిహేడేళ్ళప్పుడు కూలి పనికి పట్నం పోయాడు. గౌలిగూడ బస్టాండులో దిగి, ఆకలికి దగ్గర్లోని ఇరానీ హోటల్‌లోకి పోయాడు. అలవాటు కొద్దీ గుమ్మం బయట నిలబడ్డాడు. లోపలినుంచి ఒకాయన "క్యా భాయ్, అందర్ ఆవ్, బైఠో" అన్నాడు. పాలరాతి బల్ల ముందు కుర్చీ మీద కూర్చుంటే కప్పులో చాయ్ తెచ్చి పెట్టారు. కప్పు కింద సాసర్. నాయిన ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఒక దగ్గర ఆగేవాడు. తాగాక కప్పు తీసుకుని కడగడానికి లేచాడట. పనిపిల్లగాడు నవ్వి కప్పు లాక్కున్నాడట. "ఆ నవ్వు ఎక్కిరించిన నవ్వు గాదు కొడుకా, నాకు తెల్వదని నవ్విండు" అనేవాడు. నా చిన్నతనంలో అదొక కామెడీ కథ. పెద్దయ్యాక అది నవ్వుకునే కథ కాదని తెలిసింది.

నాయిన అట్లా కప్పు కడగబోయేనాటికి ఈ దేశంలో చట్టం ఏమంటోంది? 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది. అదే ఇప్పటి 17వ అధికరణం. 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల పేర్లు చెప్పి మరీ, కులం పేరుతో ఎవర్నీ ఆపొద్దంది. 1950 జనవరి 26 నుంచి ఇవి అమల్లో ఉన్నాయి. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దాన్నే సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. దాని నాలుగో సెక్షన్‌లో హోటల్‌లోకి రానివ్వకపోవడమే కాదు, అందరికోసం పెట్టిన పాత్రలను వాడనివ్వకపోవడం కూడా నేరమని ప్రత్యేకంగా రాసి ఉంది. చట్టం రాసినవాళ్ళకు గ్లాసు సంగతి తెలుసు. చూరు కింద గ్లాసు ఎక్కడుందో తెలిసే రాశారు.

అమెరికాలో ఈ హక్కు దేశమంతటికీ చట్టంగా వచ్చింది 1964 జులై 2న. మనకంటే పద్నాలుగేళ్ళ తర్వాత. అక్కడ ముందు జనం కూర్చున్నారు, తర్వాత చట్టం వచ్చింది. చట్టం వచ్చిన వెంటనే బర్మింగ్‌హామ్‌లోని ఆలీస్ బార్బెక్యూ అనే హోటల్ కోర్టుకెక్కింది. ఆ హోటల్‌లో నల్లవాళ్ళకు పొట్లం మాత్రమే కట్టిచ్చేవాళ్ళు, బల్ల కాడ కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. అదే ఏడాది డిసెంబర్ 14న సుప్రీంకోర్టు హోటల్ వాదనను కొట్టేసింది. చట్టం వచ్చిన ఆరు నెలల్లోపే దాని మాట చివరి మాట అని తేలిపోయింది.

మన దగ్గర ముందు చట్టం వచ్చింది. కూర్చునే పని ఊరూరికీ, మనిషి మనిషికీ వదిలేశారు. గ్రీన్స్‌బరోలో ఓడిపోయింది ఒక పెద్ద కంపెనీ. దానికి దేశమంతా దుకాణాలు, ఒకచోట పరువు పోతే అన్నిచోట్లా వ్యాపారం పోతుంది. మన ఊరి హోటల్‌కు ఊరే అండ. ఒక మాదిగ పిల్లగాడు బల్ల మీద కూర్చుంటే సాయంత్రానికి వాడి తండ్రికి కూలి బంద్, అప్పు బంద్, దుకాణంలో ఉప్పు బంద్. అందుకే మన గ్రీన్స్‌బరోకు ఒక తేదీ లేదు. వేల ఊళ్ళలో వేల తేదీలు ఉన్నాయి. ఎవరూ రాసుకోలేదు.

1985లో కారంచేడు తర్వాత లేచిన దళిత ఉద్యమం, 1998లో ఏర్పడిన కుల వివక్ష వ్యతిరేక పోరాట సంఘం, ఇంకా అనేక దళిత, విప్లవ సంఘాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రెండు గ్లాసుల పద్ధతి మీద ఊరూరా కొట్లాడాయి. సంఘం పిల్లలు పోయి హోటల్ లోపల బల్ల మీద కూర్చోవడం, గాజు గిలాసలో చాయ్ అడగడం, ఇవ్వకపోతే అక్కడే బైఠాయించడం. గ్రీన్స్‌బరో పేరు విననివాళ్ళు చేసిన గ్రీన్స్‌బరో అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన జస్టిస్ పున్నయ్య కమిషన్ ఊళ్ళు తిరిగి అంటరానితనాన్ని నమోదు చేసింది. ప్రతినెలా 30న అధికారులు ఊళ్ళకు పోయి పౌరహక్కుల దినం జరపాలని ప్రభుత్వమే ఆదేశాలు పెట్టింది. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్ళు తిరిగి చేసిన అధ్యయనం ఒకటి 2006లో పుస్తకంగా వచ్చింది. చాయ్ దుకాణంలో వేరే గ్లాసు అందులోనూ కనబడుతుంది. అది పాత కథ అనేవాళ్ళకు ఈ తేదీలు చూపించండి.

ఇంతలో ప్లాస్టిక్ కప్పు వచ్చింది. తాగి పారేసే కప్పు. కొన్ని హోటళ్ళు అందరికీ అదే ఇచ్చాయి. ఇంకొన్ని మనకు కప్పు, వాళ్ళకు గ్లాసు ఇచ్చాయి. చూడ్డానికి గొడవ సద్దుమణిగినట్టే ఉంది. కాని గ్లాసు పోయింది, మనం ముట్టిన గ్లాసును ఇంకొకరు ముట్టాలా అనే ప్రశ్న పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకునే దారి దొరికింది, అంతే. మన విజయాల్లో కొన్ని ఇట్లాంటివి. వాటిని విజయాలు అనేముందు ఒకసారి తిప్పి చూడాలి.

*

రెట్రో అమెరికా వాళ్ళ జబ్బు మాత్రమే కాదు. ఇప్పుడు మన హైవేల మీద కూడా ఉంది. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే దారిలో చౌటుప్పల్ దాటితే, కర్నూలు పోయే దారిలో షాద్‌నగర్ దాటితే, పల్లె పేరుతో హోటళ్ళు కనబడతాయి. గుడిసె కప్పు, ఎడ్లబండి చక్రం, మట్టికుండలు, మోదుగాకు విస్తర్లు. అట్లాంటి ఒక హోటల్‌కు తోటి అధ్యాపకులతో పోయాను. జొన్నరొట్టె, నాటుకోడి బాగానే ఉన్నాయి. గోడకు ఒక డప్పు వేలాడుతోంది. పక్కన రెండు సిర్రలు. తోటి అధ్యాపకుడు ఒకాయన ఆ గోడ ముందు నిలబడి ఫోటో దిగి, "ఆ రోజులే వేరు సార్, అందరం కలిసిమెలిసి ఉండేటోళ్ళం" అన్నాడు.

నేను చెప్పిన వాక్యం ఇప్పుడు గుర్తుతెచ్చుకోండి. జ్యూక్‌బాక్స్‌లో చక్ బెర్రీ. గోడ మీద మా తాత డప్పు. కొట్టినవాడు పెండ్లిళ్ళలో ముందు నడిచాడు, బంతిలో మాత్రం అందరూ లేచాక ఎంగిలి విస్తర్ల అవతల కూర్చున్నాడు. పాత ఊరు గుడిసె, కుండ, డప్పు అన్నిటితో మళ్ళీ తయారైంది. చూరు కింద గిలాస ఒక్కటి పెట్టడం మర్చిపోయారు.

తెలుగు సాహిత్యం చదివే విద్యార్థులకు ఒక మాట. మన సాహిత్యంలో హోటల్ భోజనం అంటే పాఠం చెప్పేవాళ్ళం క్రీడాభిరామం దగ్గర మొదలుపెడతాం. కాకతీయుల ఓరుగల్లులో పూటకూళ్ళ ఇల్లు, ఒక్క రూకకు అన్నం, పిండివంటలు, నెయ్యి, పెరుగుతో నిండు భోజనం. మహబూబ్‌నగర్ జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి ఇట్లాంటి కావ్యాలను జల్లెడ పట్టి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర తెచ్చాడు. రాజుల చరిత్ర కాదు, జనం తిన్నది, కట్టుకున్నది చరిత్ర అని చూపించిన గొప్ప పని అది. ఆ దారిలోనే ఇంకో అడుగు వేయాల్సింది మనం. ఆ పూటకూళ్ళ ఇంట్లో వడ్డన జరుగుతున్నప్పుడు, ఆ విస్తరాకులు కుట్టిన చేతులు, ఆ వడ్లు పండించిన చేతులు, ఆ కవి వేసుకున్న చెప్పులు కుట్టిన చేతులు ఎక్కడ ఉన్నాయి? కావ్యం వంటలన్నీ లెక్కపెట్టింది. బయట నిలబడ్డవాళ్ళను లెక్కపెట్టలేదు. వాళ్ళను లెక్కపెట్టడమే మన పరిశోధన.

అన్న సంగతి ఒకటి మిగిలింది. ఆ రోజు డైనర్ నుంచి వస్తూ అడిగాను, ఇక్కడి తెలుగోళ్ళ పండుగలకు పోతావా అని. "పోయేది. ఫలానా ఊరు అనంగనే ఇంటిపేరు అడుగుతరు. ఇంటిపేరు చెప్పంగనే ఇంకేదో అడుగుతరు. ఇప్పుడు పోత లేను" అన్నాడు. తెల్లవాళ్ళ కౌంటర్ కాడ స్టూలు దొరికింది అన్నకు. దానికి ఆ నలుగురు పిల్లలకు, వాళ్ళ వెనక లేచిన వేలమందికి మనం కూడా రుణపడి ఉన్నాం. మనవాళ్ళ బంతిలో మాత్రం ఇంకా జాగా చూసుకోవాలి. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, మనవాళ్ళు సముద్రం దాటేటప్పుడు పెట్టెలో ఏం సర్దుకుపోయారో అర్థం కావాలి.

*

గ్రీన్స్‌బరో మ్యూజియం నుంచి బయటికి వచ్చి నాయినకు వీడియో కాల్ చేశాను. మ్యూజియం గురించి చెప్పాను. నలుగురు పిల్లలు, స్టూళ్ళు, కాఫీ. ఆయన అంతా విని, "ఆ కుర్సీలు దాసిపెట్టిండ్రా?" అన్నాడు.

"దాచిపెట్టిండ్రు నాయినా. అద్దాల భవనంల పెట్టి చూపిస్తుండ్రు."

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మన గిలాస గూడ ఉన్నది గదరా."

ఏ గిలాస అన్నాను.

చూరు కింద గిలాసలు అందరూ వాడేవి. అవి నచ్చక మా తాత ఇంటినుంచి సొంత సిల్వర్ గిలాస రుమాలులో చుట్టుకుని పోయేవాడట. తర్వాత నాయిన కూడా దాన్నే తీసుకుపోయేవాడు. హోటల్‌కు పోవడం మానేశాక అవ్వ దాన్ని బియ్యం డబ్బాలో వేసింది. ఇద్దరికి ఒక గిలాస, నలుగురికి రెండు గిలాసలు. నా చిన్నప్పటినుంచి మా ఇంట్లో బియ్యం కొలిచింది దాంతోనే. అంచు కాడ ఒక సొట్ట. వందలసార్లు నా చేత్తో పట్టుకున్నాను. నేను పీహెచ్‌డీ చేసింది దళిత సాహిత్యం మీద. నా ఇంట్లో బియ్యం డబ్బాలో ఏముందో నాకు తెలియదు.

ఊరికి పోగానే అడిగి తెచ్చుకున్నాను. అవ్వ బియ్యం కొలవడానికి వేరే గిలాస ఇచ్చి గాని అది ఇయ్యలేదు. ఇప్పుడు నా పుస్తకాల అల్మారాలో ఉంది.

మిత్రులారా, ఈ వారం మీకు ఒక పని. మీ ఇంట్లో, మీ వాడలో పెద్దవాళ్ళను అడగండి: ఊరి హోటల్‌లో మొదటిసారి లోపల కూర్చుని చాయ్ తాగింది ఎప్పుడు? ఎవరు ముందు కూర్చున్నారు? ఆ తర్వాత ఏమైంది? ఏడాది గుర్తులేకపోతే, ఏ కరువు ఏడాదో, ఏ ఎన్నికల ఏడాదో అడగండి. వాళ్ళ మాటల్లోనే రాయండి, మన మాటల్లోకి మార్చకండి. ఆ గిలాస, ఆ చిప్ప ఇంట్లో ఉంటే పారేయనివ్వకండి. సొట్టలు సరిచేయించకండి, మెరుగు పెట్టించకండి. వేల ఊళ్ళ వేల తేదీలు ఉన్నాయని పైన రాశాను. అందులో ఒక్కొక్కటి తెచ్చి ఇక్కడ పెట్టండి.

వచ్చే ఆదివారం 12వ భాగం: పెండ్లి బంతిలో ఆఖరి వరస.

జై భీమ్.